అనుమతి ఇచ్చామా, ఇచ్చినట్టు రాసుకున్నారా?

ఫోన్ మన మాటలు దొంగచాటుగా వింటోందన్న అనుమానం లేని మనిషి ఈ రోజుల్లో దొరకడం కష్టం. పొద్దున ఇంట్లో కొత్త పరుపు కొనాలని మాట్లాడుకుంటాం, సాయంత్రానికి ఫోన్ తెరిస్తే పరుపుల ప్రకటనలు వరస కట్టి ఉంటాయి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ సంగతేంటో చూద్దామని 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైక్ ఆన్ చేసి మాటలు బయటికి పంపుతున్న యాప్ వాళ్లకు ఒక్కటి కూడా దొరకలేదు. (కొన్ని మాత్రం స్క్రీన్ మీద జరిగేదాన్ని రికార్డు చేసి వేరే కంపెనీలకు పంపుతూ పట్టుబడ్డాయి. జనం చెవిని అనుమానిస్తుంటే పని చేస్తున్నది కన్ను అన్నమాట.)

హమ్మయ్య అనుకోవాల్సిన వార్త కాదిది. మాటలు వినకుండానే అంత గురి చూసి ప్రకటన వేయగలుగుతున్నారంటే, వినాల్సిన అవసరమే లేదని కదా అర్థం. అదే వైఫై వాడే ఇంకొకరు పరుపుల గురించి వెతికి ఉంటారు, పోయిన వారం ఫర్నిచర్ షాపులో మన ఫోన్ అరగంట సేపు ఉన్నట్టు లొకేషన్ రికార్డయి ఉంటుంది, ఈమధ్యే ఇల్లు మారామని డెలివరీ అడ్రస్ చెప్పేసి ఉంటుంది. ఈ ముక్కలన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకే ప్రకటనల ఐడీ (ప్రకటనల కోసం మన ఫోన్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కింద చేరతాయి. మనం ఒక పేజీ తెరిచాక అది పూర్తిగా లోడ్ అయ్యేలోపే, అందులోని ఖాళీ జాగాలో ఎవరి ప్రకటన వేయాలన్న దానికి వేలంపాట జరిగిపోతుంది, ఆ వేలంలో కూర్చున్న కంపెనీలన్నిటికీ మన వివరాలు కొన్ని వెళతాయి. పాట గెలిచేది ఒక్కరే, మన సంగతి తెలిసేది మాత్రం అందరికీ.

ఇదేం పద్ధతి అని అడిగితే కంపెనీల దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: మీరే ఒప్పుకున్నారు కదా. చట్టాల్లో చాలా భాగం, కంపెనీల సంజాయిషీలన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నదల్లా ఏమిటంటే, ఈ ఒప్పుకోవడం అనేది ఎప్పుడో అర్థం లేని తంతుగా మారిపోయింది, దాని చాటున బాధ్యతంతా డేటా సేకరించేవాడి నెత్తి మీంచి తీసి యాప్ వాడేవాడి నెత్తిన పెట్టేశారు.

ఒప్పుకోవడం ఎలా తయారవుతుంది

ఒక మనిషి దేనికైనా ఒప్పుకున్నాడు అనాలంటే దేనికి ఒప్పుకుంటున్నాడో అతనికి తెలియాలి, కాదనే వీలుండాలి, కాదన్నందుకు పని ఆగిపోకూడదు, రేపు మనసు మారితే వెనక్కి తీసుకునే దారి ఉండాలి. పెళ్లికైనా, ఆపరేషన్‌కైనా, అప్పుకైనా మనం ఇదే అడుగుతాం. 'ఐ అగ్రీ' బటన్ దగ్గరికి వచ్చేసరికి వీటిలో ఒక్కటైనా ఉందా?

2008లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు ఒక లెక్క వేశారు. ఇంటర్నెట్ వాడే ఒక మామూలు మనిషి ఏడాదిలో తను చూసే సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ చదవాలంటే 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. అది స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని కాలం, టీవీకీ కారుకీ చేతి వాచీకీ కూడా ప్రైవసీ పాలసీ ఉంటుందని ఎవరికీ తోచని కాలం. పోనీ ఓపిక పట్టి చదివినా చేతికొచ్చేది ఏముంది? 'మా సేవలను మెరుగుపరచడానికి మీ సమాచారాన్ని మా భాగస్వాములతో పంచుకోవచ్చు' అని ఉంటుంది. ఆ భాగస్వాములు ఎవరు, ఎంతమంది, వాళ్లు మళ్లీ ఎవరికి ఇస్తారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అనేది ఉండదు. అసలు అవి మనం చదవాలని రాసినవి కావు, రేపు కోర్టులో గొడవొస్తే చూపించుకోవడానికి లాయర్లు రాసిపెట్టినవి.

ఈ వాదన ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి 2014లో బయటపడ్డ ఫేస్‌బుక్ ప్రయోగం ఒకటి చాలు. 6,89,003 మంది వాడకందారుల న్యూస్ ఫీడ్‌లో సంతోషం కలిగించే పోస్టులను గానీ, బాధ కలిగించే పోస్టులను గానీ కొన్నిటిని తగ్గించి చూపించి, దాన్నిబట్టి వాళ్లు రాసే రాతల్లో మూడ్ మారుతుందా అని చూశారు. మారింది, కొద్దిగా. అంతమంది మనసుల మీద ప్రయోగం చేస్తూ ఒక్క మాట చెప్పలేదేమిటని జనం మండిపడ్డారు. ఆ పరిశోధన పత్రంలోనే దీనికి సమాధానం ఉంది: ఖాతా తెరిచేటప్పుడు డేటా పాలసీకి ఒప్పుకున్నారు కాబట్టి అది తెలిసి ఇచ్చిన సమ్మతే. ఒక మందు ట్రయల్‌లో ఇలాంటి మాట ఎవరైనా అంటే ఏమవుతుందో ఊహించుకోండి. పత్రాన్ని ప్రచురించిన జర్నలే తర్వాత ఈ సమ్మతి విషయంలో తన ఆందోళనను అచ్చు వేసుకోవాల్సి వచ్చింది.

ఇక బటన్ల సంగతి. ఒప్పుకునే బటన్ పెద్దగా, రంగులో, బొటనవేలికి అందేచోట ఉంటుంది, వద్దనే దారి మాత్రం బూడిద రంగు అక్షరాల్లో రెండు మూడు పేజీల లోపల ఉంటుంది. ఇలాంటి జిత్తులకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. ఫ్రాన్స్‌లో డేటా రక్షణ వ్యవహారాలు చూసే సీఎన్ఐఎల్ అనే సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. నేరం ఏమిటంటే, కుకీలకు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్లకు) సరే అనడానికి ఒక్క క్లిక్ చాలు, వద్దనడానికి చాలా క్లిక్‌లు కావాలి. క్లిక్‌లు లెక్కబెట్టి జరిమానా వేస్తారా అని నవ్వు రావచ్చు గానీ కిటుకంతా అందులోనే ఉంది. అలసిపోయి ఇచ్చే అనుమతి మీద నడిచే వ్యాపారానికి, అలసట తగ్గితే ఆదాయం తగ్గుతుంది.

అలా తగ్గింది కూడా. 2021 ఏప్రిల్‌లో యాపిల్ తన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఒక నియమం తెచ్చింది: ఇతర కంపెనీల యాప్‌లలో, సైట్లలో మనల్ని వెంబడించాలనుకునే ప్రతి యాప్ ముందు సూటిగా అడగాలి, వద్దనే బటన్ కూడా సరే బటన్ పక్కనే ఉండాలి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ యజమాని మెటా, ఈ ఒక్క మార్పు వల్ల 2022లో తమకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని చెప్పింది. ఏళ్ల తరబడి ఒప్పుకున్నారని రాసుకున్న జనమే ఇది, ఒక్కసారి మర్యాదగా అడిగితే వద్దనేశారు. యాపిల్ ఇదేదో పుణ్యానికి చేసిందని నేననను, ఆ కంపెనీకీ సొంత ప్రకటనల వ్యాపారం ఉంది, ఈ నియమాన్ని అమలు చేసిన తీరు మీదే ఫ్రాన్స్‌లోని పోటీ నియంత్రణ సంస్థ 2025 మార్చిలో దానికి 15 కోట్ల యూరోలు జరిమానా వేసింది. అయినా ప్రయోగం మాత్రం ప్రయోగమే, ఫలితం మాత్రం ఫలితమే.

ఒకందుకని తీసుకుని ఇంకొకందుకు

కుకీ పుట్టింది మంచి పనికే. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేస్తున్న లూ మోంటుల్లి దాన్ని తయారుచేశాడు. అప్పటిదాకా వెబ్‌సైట్లకు జ్ఞాపకం ఉండేది కాదు, ఒక పేజీలో కార్ట్‌లో వేసుకున్న వస్తువు తర్వాతి పేజీకి వెళ్లేసరికి ఎవరిదో తెలిసేది కాదు. ఆ చిన్న ఫైలు సైటుకి మనల్ని గుర్తుపట్టే శక్తినిచ్చింది. ఒక సైటు పెట్టిన కుకీని ఇంకో సైటు చదవకూడదన్న జాగ్రత్త కూడా మొదట్లోనే ఉంది. కానీ ఒకే ప్రకటనల కంపెనీ కోడ్ ముక్క వేల సైట్లలో కూర్చుంటే? అది ప్రతిచోటా తన సొంత కుకీనే చదువుకుంటుంది, నియమం ఎక్కడా తప్పదు, మనం ఎక్కడెక్కడ తిరిగామో మొత్తం దానికి తెలిసిపోతుంది. తాళం ఎవరూ పగలగొట్టలేదు. గుర్తుపెట్టుకోవడానికి చేసిన వస్తువు వెంబడించడానికి పనికొచ్చింది, అంతే. టెక్నాలజీలో వచ్చే నైతిక సమస్యల్లో సగం ఇలాంటివే అని నాకనిపిస్తుంది, దుర్మార్గుడు కూర్చుని పథకం వేసినవి తక్కువ, ఉన్నది ఎలాగూ ఉంది కదా దీన్ని దానిక్కూడా వాడుకుందాం అనుకున్నవి ఎక్కువ.

ఇందులో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ట్విట్టర్ వ్యవహారం. ఖాతా భద్రంగా ఉండాలంటే ఫోన్ నంబరో ఈమెయిలో ఇవ్వండి అన్నారు, జాగ్రత్తపరులు ఇచ్చారు. 2013 నుంచి 2019 దాకా ఆ నంబర్లనే ప్రకటనలు గురిపెట్టడానికి కూడా వాడారు. ఇలా నంబరో ఈమెయిలో ఇచ్చినవాళ్లు 14 కోట్ల మందికి పైనే. 2022 మేలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అదే ఎఫ్‌టీసీ, 15 కోట్ల డాలర్ల జరిమానాతో ఈ కేసు ముగించింది. డబ్బు సంగతి అలా ఉంచితే, భద్రత కోసం అడిగితే ఇవ్వకండి అనే పాఠం జనానికి నేర్పినట్టయింది కదా, ఆ నష్టాన్ని ఏ జరిమానా పూడుస్తుంది?

వరస చాలా పొడుగ్గా ఉంది. మానసిక ఇబ్బందులతో కౌన్సెలింగ్ కోసం వచ్చినవాళ్ల ఈమెయిళ్లు, వాళ్లు నింపిన ప్రశ్నాపత్రాల వివరాలు బెటర్‌హెల్ప్ అనే సంస్థ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ప్రకటనల కోసం పంపిందని ఎఫ్‌టీసీ 2023లో తేల్చి 78 లక్షల డాలర్లు కట్టించింది. ప్రార్థన వేళలు చెప్పే ఒక యాప్ నుంచి వెళ్లిన లొకేషన్ డేటా, ఒక డేటా బ్రోకర్ (జనం డేటా కొని అమ్మే కంపెనీ) ద్వారా అమెరికా సైన్యంతో పనిచేసే కాంట్రాక్టర్ల దాకా చేరే దారి ఉందని 2020లో పత్రికలు బయటపెట్టాయి. ప్రార్థన ఏ వేళకో తెలుసుకోవాలని యాప్ వేసుకున్న మనిషి దేనికి ఒప్పుకున్నట్టు?

హెలెన్ నిసెన్‌బామ్ అనే తత్వవేత్త 2004లో ఈ చిక్కుముడిని విప్పే ఒక ఆలోచన చెప్పారు, నాకు తెలిసినంతలో ప్రైవసీ గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు. ప్రైవసీ అంటే దాచుకోవడం కాదంటారు ఆవిడ. ప్రతి సమాచారమూ ఒక సందర్భంలో ఇస్తాం, ఆ సందర్భానికి కొన్ని మర్యాదలు ఉంటాయి, సమాచారం ఆ మర్యాదల ప్రకారం ప్రయాణిస్తే ఇబ్బంది లేదు, వాటిని దాటితేనే ప్రైవసీ పోయినట్టు. మన జబ్బు డాక్టరుకి తెలుసు, ల్యాబ్‌కి తెలుసు, మందుల షాపుకి తెలుసు, అయినా మనకేమీ అనిపించదు, అదే జబ్బు సంగతి ఆఫీసులో మేనేజరుకి తెలిస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. విషయం అదే, తెలిసినవాళ్లు పెరిగిందీ ఒక్కరే, అయినా తేడా ఎందుకొచ్చిందంటే చోటు తప్పింది కాబట్టి. ఇలా చూస్తే 'మీరు ఆ విషయం ముందే బయట చెప్పారుగా, ఇంకా రహస్యం ఏముంది' అనే వాదన ఎందుకు తప్పో కూడా తెలుస్తుంది.

డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్లకే ఈ బాధ, డబ్బు కడితే గౌరవంగా చూస్తారు అనే నమ్మకం ఒకటి బాగా పాకింది. అది కూడా నిలబడదు. విజియో కంపెనీ టీవీలు జనం డబ్బు పెట్టి కొనుక్కున్నవే. ఆ టీవీలు తెర మీద ఏముందో క్షణక్షణం గమనించి పంపేవి, అలా 1.1 కోట్ల టీవీల నుంచి, సరైన అనుమతి లేకుండా, వీక్షణ వివరాలు సేకరించి అమ్మారని 2017లో కేసు నడిచి 22 లక్షల డాలర్లతో ముగిసింది. జనరల్ మోటార్స్ కార్లు కూడా ఎవరూ ఉచితంగా పంచలేదు. డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు వేశాడు, ఎంత స్పీడుగా వెళ్లాడు, రాత్రిపూట ఎంత తిరిగాడు అనే వివరాలు మధ్యవర్తి కంపెనీల ద్వారా ఇన్సూరెన్స్ వాళ్లకు చేరాయి, ప్రీమియం ఎందుకు పెరిగిందో తెలియక కొందరు తల పట్టుకున్నారు. ఈ వివరాలను అలాంటి కంపెనీలకు ఐదేళ్లపాటు ఇవ్వకూడదని 2025 జనవరిలో ఎఫ్‌టీసీ ప్రతిపాదించింది. లక్షలు పోసి కొన్న కారులోనే పరిస్థితి ఇది.

మన తరఫున ఇంకొకరు ఒప్పుకుంటే

ఇప్పటిదాకా చెప్పిందంతా మనకూ కంపెనీకీ మధ్య గొడవ. కానీ డేటా ఒక్కరిది కాదు, ఒప్పుకోవడం అనే పద్ధతి పూర్తిగా చేతులెత్తేసేది ఇక్కడే. మన కాంటాక్టుల లిస్టు నిండా ఇతరుల నంబర్లే, మన ఫోటోల్లో ఇతరుల ముఖాలే, మన మెసేజీల్లో సగం ఇతరుల మాటలే.

ఫేస్‌బుక్ డేటాను రాజకీయ ప్రచారానికి వాడుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా కంపెనీ కథ చాలామంది విన్నదే, అందులో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఫేస్‌బుక్‌లో ఆ పర్సనాలిటీ క్విజ్ ఆడినవాళ్లు సుమారు 2.7 లక్షల మంది. వివరాలు పోయినవాళ్లు, ఫేస్‌బుక్ 2018లో చెప్పిన లెక్క ప్రకారం, 8.7 కోట్ల దాకా. మిగతావాళ్లు చేసిన తప్పల్లా ఆ ఆట ఆడినవాళ్లతో ఫ్రెండ్స్‌గా ఉండడం.

డీఎన్ఏ దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీలో 2023లో దొంగలు సుమారు 14 వేల ఖాతాల్లోకి చొరబడ్డారు, అదీ వేరేచోట లీకైన పాస్‌వర్డులు వాడి. బంధువులను వెతికిపెట్టే సదుపాయం ఒకటి అందులో ఉండడంతో ఆ 14 వేల ఖాతాల నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి వెళ్లాయి. పాస్‌వర్డు గట్టిగా పెట్టుకున్నవాడికీ రక్షణ లేకపోయింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, దాంతో సుమారు 1.5 కోట్ల మంది జన్యు సమాచారం అమ్మకానికి వచ్చే ఆస్తుల్లో ఒకటైపోయింది. చివరికి కంపెనీ వ్యవస్థాపకురాలే ఒక లాభాపేక్ష లేని సంస్థ పేరుతో దాన్ని కొనుక్కుంది, వేరేవాళ్లు కొని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఉమ్మి నమూనా పంపిన రోజున ఎవరి మీద నమ్మకంతో పంపారో ఆ కంపెనీయే రేపు ఉండకపోవచ్చు, డీఎన్ఏ మాత్రం మారదు, పాస్‌వర్డులా మార్చుకోవడానికి వీల్లేదు, పైగా అది అన్నదమ్ములది, పిల్లలది, పుట్టబోయే మనవలది కూడా.

అయితే ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి, ఇదే డేటా మంచికీ పనికొచ్చింది. 1970లలో, 80లలో కాలిఫోర్నియాను వణికించిన ఒక వరుస హంతకుడు దశాబ్దాల తరబడి దొరకలేదు. అతని దూరపు బంధువులెవరో తమ వంశవృక్షం తెలుసుకోవడం కోసం జెడ్‌మ్యాచ్ అనే సైటులో డీఎన్ఏ వివరాలు పెట్టుకున్నారు, పోలీసులు ఘటనాస్థలం నుంచి దొరికిన డీఎన్ఏను అందులో పోల్చి చూసి, కొమ్మల వెంట వచ్చి 2018 ఏప్రిల్‌లో అతన్ని పట్టుకున్నారు. అతను దొరికినందుకు ఎవరూ బాధపడరు, బాధితుల కుటుంబాలకు అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ ఆ సైటులో వివరాలు పెట్టుకున్న జనం పోలీసు డేటాబేస్‌లో చేరుతున్నామని అనుకోలేదు, వాళ్ల బంధువులనైతే ఎవరూ అడగనే లేదు. హంతకుడి విషయంలో అందరం సరే అంటాం, తర్వాత చిన్న దొంగతనానికి వాడితే? ఊరేగింపులో పాల్గొన్నవాణ్ణి వెతకడానికి వాడితే? గీత ఎక్కడ గీయాలన్నది న్యాయంగా ఆలోచించేవాళ్ల మధ్య కూడా ఏకాభిప్రాయం లేని ప్రశ్న, కనీసం గీత ఎవరు గీయాలన్నదైనా ముందు తేలాలి కదా, ఆ నిర్ణయం ఒక చిన్న వెబ్‌సైటు నిబంధనల పేజీకి వదిలేయడం మాత్రం విడ్డూరం.

ఇక మనం గానీ మనవాళ్లు గానీ ఎక్కడా చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. 2013లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన మైఖేల్ కొసిన్స్కీ బృందం 58 వేల మందికి పైగా వాలంటీర్ల ఫేస్‌బుక్ లైక్‌లు మాత్రమే తీసుకుని, వాళ్ల రాజకీయ మొగ్గు, మతం, లైంగికత లాంటివి చాలావరకు సరిగ్గా ఊహించవచ్చని చూపించింది. ఏ సినిమా నచ్చింది, ఏ పాట నచ్చింది అన్నంత అమాయకమైన క్లిక్‌లు అవి. అలా ఊహించి పుట్టించిన సమాచారానికి అనుమతి ఎవరిచ్చినట్టు? మనకే తెలియని నిర్ధారణ ఒకటి మన పేరు మీద ఫైల్లో కూర్చుంటుంది, అది తప్పయితే దిద్దే అవకాశం కూడా ఉండదు.

పేర్లు తీసేశాంగా

ఈ ప్రశ్నలన్నిటికీ కంపెనీలు చూపించే అడ్డుగోడ ఒకటుంది: పేర్లు తీసేసే ఇస్తున్నాం. దీన్ని గురించి పెద్దగా వాదించనక్కర్లేదు, ఇది ఎప్పుడో కూలిపోయింది. లటాన్యా స్వీనీ 1990లలో, అప్పటికి ఇంకా విద్యార్థిని, ఒక ఇన్సూరెన్స్ సంస్థ పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చిన ఆసుపత్రి రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ వైద్య వివరాలను పట్టేసింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పోస్టల్ జిప్ కోడ్, ఈ మూడు తెలిస్తే చాలు అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని 2000లో లెక్కగట్టింది. ఫోన్ల సంగతి అంతకన్నా ఘోరం. 15 లక్షల మంది మొబైల్ కదలికల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ సమయానికి ఎక్కడున్నారో చెప్పే నాలుగే నాలుగు బిందువులు 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి వేరు చేసి చూపించాయి. రాత్రి ఎక్కడ పడుకుంటాం, పగలు ఎక్కడ పనిచేస్తాం, ఈ రెండూ కలిసే మనిషి ప్రపంచంలో ఎందరుంటారు? 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామం యాప్ విడుదల చేసిన ప్రపంచ మ్యాప్‌లో పేర్లేమీ లేవు, పరుగు తీసినవాళ్ల దారులు వెలుగుగీతల్లా ఉన్నాయంతే, అయినా ఎడారుల మధ్యలో సైనిక స్థావరాల ఆకారాలు 2018 జనవరిలో అందరికీ కనబడిపోయాయి.

నష్టపోయేది ఎవరు

నాకు దాచాల్సిందేముంది, చూస్తే చూసుకోనీ, అనేవాళ్లు చాలామంది. పరుపుల ప్రకటన దాకా అయితే నేనూ అలాగే అంటాను. కానీ ఈ డేటాతో జరిగే పెద్ద పని ప్రకటనలు చూపించడం కాదు, మనుషుల్ని వేరుచేయడం. ఎవరికి లోన్ ఇవ్వాలి, ఎవరికి ప్రీమియం పెంచాలి, ఎవరి ఉద్యోగ దరఖాస్తు పక్కన పెట్టాలి, షాపులోకి వచ్చినవాళ్లలో ఎవరి వెనక కాపలావాణ్ణి పంపాలి. రైట్ ఎయిడ్ అనే మందుల షాపుల గొలుసు అమెరికాలో దొంగల్ని పట్టడానికని ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెట్టింది. అవి వేలసార్లు తప్పు మనిషిని చూపించాయి, ఆ తప్పులు నల్లజాతి, ఆసియా జనం ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఎక్కువ జరిగాయని తేల్చి, 2023 డిసెంబరులో ఎఫ్‌టీసీ ఆ గొలుసు ఐదేళ్లపాటు ఆ టెక్నాలజీ వాడకుండా ఆపింది. మందులు కొనుక్కోవడానికి వచ్చి అందరి ముందు దొంగ అనిపించుకున్న మనిషికి దాచాల్సింది ఏమీ లేదు, ఆ రోజు అతనికి అది పనికిరాలేదు.

ఇంకో అన్యాయం కూడా ఉంది, అది బయటికి కనబడదు. మన గురించి వాళ్లకు అంతా తెలుసు, వాళ్ల గురించి మనకేమీ తెలియదు. బేరం కుదరాలంటే ఇద్దరికీ కొంతైనా సమంగా తెలిసి ఉండాలి, ఒకరు అవతలివాడి అవసరం, ఆత్రం, జేబు అన్నీ చూసి కూర్చున్నప్పుడు దాన్ని బేరం అనరు.

చేయదలచుకుంటే

టెక్నాలజీ అంటేనే ఇంత, దీనికి విరుగుడు లేదు అనే నిరాశ నాకు లేదు. అందుకు కారణం 2020లో జరిగిన ఒక పోటీ లాంటిది. కోవిడ్ వచ్చినవాళ్ల దగ్గర ఎవరెవరున్నారో ఫోన్ల ద్వారా తెలుసుకోవాల్సి వచ్చింది. యాపిల్, గూగుల్ కలిసి చేసిన పద్ధతిలో ఫోన్లు బ్లూటూత్ మీద తరచూ మారే అర్థంలేని సంకేతాలను ఒకదానికొకటి చెప్పుకునేవి, పోల్చుకోవడం మన ఫోన్‌లోనే జరిగేది, ఎవరు ఎవర్ని కలిశారన్న జాబితా ఎక్కడా పోగుపడేది కాదు. సింగపూర్ ప్రభుత్వ యాప్ ట్రేస్‌టుగెదర్‌లో మాత్రం అవసరమైతే డేటా ప్రభుత్వ సర్వర్‌కి చేరేది, దాన్ని కోవిడ్ పనికి తప్ప వాడబోమని మాటిచ్చారు. 2021 జనవరిలో, నేర విచారణకు పోలీసులు కూడా దాన్ని తీసుకోవచ్చని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది, గొడవయ్యాక మరుసటి నెలలో తీవ్రమైన నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. సింగపూర్ ప్రభుత్వం మిగతావాటికన్నా చెడ్డదని కాదు. పోగుపడిన డేటా మీద ఇచ్చిన మాట అవసరాన్నిబట్టి మారుతుంది, పోగుపడని డేటాకి ఆ బెడద లేదు.

ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఈ దారిలోనే ఆలోచించింది, పనికి కావలసినంతే తీసుకోవాలి, చెప్పిన పనికే వాడాలి, పని అయ్యాక ఉంచుకోకూడదు అంది, తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం దాకా జరిమానా అంది. మామూలు జనానికి దానివల్ల కనిపించింది మాత్రం ప్రతి సైటులోనూ అడ్డుపడే కుకీ బోర్డు, అంటే మళ్లీ అనుమతే. కంపెనీలు ఆ చట్టంలో తమకు తేలికైన తలుపు ఎంచుకున్నాయి. నా ఓటైతే, కొన్ని పనులను అనుమతి ఉన్నా చేయకూడదని రాసిపెట్టే చట్టాలకే. కలుషితమైన మందును రోగి సంతకం పెట్టాడని అమ్మనిస్తామా? ఆ దిశగా చిన్న అడుగులు పడుతున్నాయి, ఎక్స్‌మోడ్ అనే లొకేషన్ బ్రోకర్ సున్నితమైన చోట్ల డేటా అమ్మకుండా 2024 జనవరిలో ఎఫ్‌టీసీ ఆపింది.

ఏఐ వచ్చాక ఈ విషయం ఇంకా తొందరపెడుతోంది. చాట్‌బాట్‌కి జనం భార్యాభర్తల గొడవలు, ల్యాబ్ రిపోర్టులు, ఆఫీసు రహస్యాలు అన్నీ చెబుతున్నారు, వెతుకులాటలో నాలుగు మాటలు టైప్ చేసే మనిషి ఇక్కడ నాలుగు పేరాలు రాస్తున్నాడు. మామూలు డేటాబేస్‌లో అయితే ఒక వరస తీసేయవచ్చు, ట్రైనింగ్‌లో, అంటే ఏఐకి నేర్పే పనిలో కలిసిపోయిన డేటాని ఆ ఏఐ మోడల్ నుంచి విడదీయడం ఇంకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. ఎవర్‌ఆల్బమ్ అనే ఫోటోల యాప్ కేసులో ఎఫ్‌టీసీ 2021లో దీనికి మొరటు వైద్యమే చేసింది, ఫోటోలతోపాటు వాటితో తయారుచేసిన ముఖ గుర్తింపు మోడళ్లను కూడా చెరిపేయమంది. చిన్న యాప్ కాబట్టి సరిపోయింది. కోట్లు పోసి కట్టిన పెద్ద మోడల్ విషయంలో ఏ అధికారి ఆ ఆర్డరు రాస్తాడో చూడాలి.

మరి మనం చేయగలిగింది? కొంచెమే, ఆ కొంచెం చెప్పి ఆపుతాను. ఇన్‌కాగ్నిటో మోడ్‌ని నమ్ముకోకండి, అది అదే ఫోన్ వాడే ఇంకొకరి నుంచి హిస్టరీ దాస్తుంది తప్ప సైట్ల నుంచి మనల్ని దాచదు, ఈ విషయం మీద నడిచిన దావాను ముగించడానికి గూగుల్ 2024లో కోట్లకొద్దీ రికార్డులు చెరిపేస్తానని ఒప్పుకుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రకటనల ఐడీ తీసేసే వీలుంటే తీసేయండి, లొకేషన్ అనుమతి యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టండి, వాడని యాప్‌లు, ముఖ్యంగా ఆరోగ్యానివి, ఖాతా చెరిపేశాకే తీసేయండి, ఉత్త ఐకాన్ తీసేస్తే డేటా అక్కడే ఉంటుంది. చాట్‌బాట్‌లో మన మాటలను ట్రైనింగ్‌కి వాడకుండా ఆపే ఆప్షన్ ఉంటే మొదటిరోజే నొక్కండి. ఏ యాప్ అయినా కాంటాక్టులు చూడనివ్వమంటే వద్దనండి, లిస్టులో ఉన్నవాళ్లెవరూ దానికి సరే అనలేదు.